లైనింగులో ఉండిపోయిన చీటీ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధిలో అందరికీ తెలుసు. ఆ కోపం ఇంగ్లీషులో కూడా వస్తుందన్న సంగతి మాత్రం మొన్న మంగళవారం దాకా నాకే తెలియదు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా మిషను తొక్కుతున్నాను. మా ఇంటి ముందు గదే దుకాణం. రెండు మిషన్లు, కటింగ్ బల్ల, నిలువుటద్దం, గోడ పొడవునా హ్యాంగర్లు తగిలించే కడ్డీ. కొత్త బట్టలు కుట్టడం తక్కువ, కుట్టినవాటిని మనిషికి సరిపోయేలా సరిచేయడమే నా అసలు పని. లావెక్కినవాళ్ళూ, చిక్కిపోయినవాళ్ళూ, అన్న ప్యాంటు తమ్ముడికి సరిపెట్టాలనుకునేవాళ్ళూ అందరూ నా బల్ల దగ్గరికి రావలసిందే.

ఈ పని నేర్చుకోవడానికి చేరిన కొత్తలో మా మాస్టారు కత్తెర అందుకోగానే మాకు వీపు తిప్పేసేవాడు. కత్తిరింపు చూస్తే ఎక్కడ నేర్చేసుకుంటామోనని ఆయన భయం. ఎదురుగోడకి ఉన్న అద్దంలో చూసి నేను దొంగతనంగా నేర్చుకున్నాను. అందుకే మొదటి రెండేళ్ళూ నేను కత్తిరించిన ప్రతి జేబూ ఎడమకి బదులు కుడివైపు వచ్చేది. నేర్పడం అంటే ఏమిటో ఆ మనిషికి తెలియదు, నాకు తెలుసు అని అప్పటినుంచీ నా గట్టి నమ్మకం.

మా దగ్గర్లోని వృత్తి శిక్షణ కేంద్రంలో టైలరింగ్ టీచర్ కావాలని ప్రకటన పడింది. చేతిపని పరీక్షలో నాకే మొదటి స్థానం వచ్చింది. మిగిలింది ఒక్కటే. ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాలి. అక్కడ చేరేవాళ్ళు నాలుగైదు భాషల వాళ్ళు, పాఠం ఇంగ్లీషులోనే చెప్పాలట. ఆ ఉద్యోగం నాకు ఎంత కావాలో చెబితే నవ్వుతారు. ఈ వయసులో చిన్నపిల్లలా దాని గురించే కలవరించాను.

ఇంగ్లీషు నేర్పడానికి ఇంట్లోనే మనిషి ఉంది. మా కోడలు సాయంత్రాలు పెద్దవాళ్ళకి ఇంగ్లీషు క్లాసులు చెబుతుంది. పెళ్ళయి మా ఇంటికొచ్చి ఎనిమిది నెలలు. నెమ్మదైన పిల్ల. నేనేమన్నా "సరే అత్తయ్యా" అంటుంది. కిటికీ తెరవమన్నా సరే అత్తయ్యా, తెరిచాక మూయమన్నా సరే అత్తయ్యా. అది చూసి మా అబ్బాయి తన అదృష్టానికి తనే మురిసిపోయేవాడు. నేనేమో ఆ పిల్ల ఎదురుగా ఉంటే, నా ఇంట్లో నేనే కాళ్ళు దగ్గరికి పెట్టుకుని కూర్చునేదాన్ని.

మొదటి పాఠంలోనే గొడవ వచ్చింది. నాకూ కోడలికీ కాదు, నాకూ ఇంగ్లీషుకీ.

"టేక్ అంటే తీసుకోవడం. అదీ తెలియదనుకున్నావా?" అన్నాను.

కోడలు పుస్తకం నా వైపు తిప్పింది. ఒక్క టేక్‌కి రెండు పేజీలు! వెనకాల ఆఫ్ చేరితే చొక్కా విప్పడమట, విమానం లేవడం కూడా అదేనట. ఆన్ చేరితే పని నెత్తినేసుకోవడం. ఓవర్ చేరితే ఒకరి కుర్చీలో ఇంకొకరు కూర్చోవడం. ఆఫ్టర్ చేరితే పోలిక. ఇన్ చేరితే అర్థం చేసుకోవడం, ఇంట్లో చోటివ్వడం, మోసం చేయడం, మూడూనట.

"చోటివ్వడానికీ మోసానికీ ఒకటే మాటా? ఇది భాషా, గారడీయా?" అని పుస్తకం బల్ల మీదకి విసిరాను. "నావల్ల కాదు. తీసుకోవడమంటే తీసుకోవడమే."

కోడలు పుస్తకానికి అంటుకున్న సుద్దపొడి దులిపింది. "అత్తయ్యా, పడటం అంటే ఏంటి?"

"కింద పడటం."

"పొద్దున్న మీరు ఫోనులో మాట్లాడుతుంటే విన్నాను. నీలం గుడ్డ మీద మనసు పడ్డానన్నారు. కష్టపడి కుట్టానన్నారు. వాళ్ళు మెచ్చుకుంటే సిగ్గుపడ్డానన్నారు. మిషను ఆగిపోతే భయపడ్డానన్నారు. ఇందులో కింద పడిందెవరు?"

నా నోట్లోంచే రోజూ ఇన్ని రకాలు వస్తున్నాయా అని ఆశ్చర్యం వేసింది. తర్వాత హుషారు వచ్చింది. "ఆగాగు, నేను చెబుతా. వాన పడింది. బండి దారిలో పడింది. అలవాటుపడ్డాను. బయటపడ్డాను. మా అబ్బాయి మీద మండిపడ్డాను. మా తోటికోడలికీ నాకూ పడదు..."

అక్కడ ఆగాను. ఆ చివరి మాట మా ఇద్దరికీ తగిలింది. కోడలు టేపు చుట్టడం మొదలుపెట్టింది. నేను కత్తెర కోసం బల్లంతా వెతికాను, అది నా చేతిలోనే ఉంది.

మర్నాడు కోడలు కొత్త ఉపాయంతో వచ్చింది. మా దుకాణంలో ఒక పద్ధతి ఉంది. బట్ట రాగానే ఏం చేయాలో చిన్న చీటీ మీద రాసి, ఆ చోటే గుండుసూదితో గుచ్చుతాను. పని అయ్యాక చీటీ పీకి, గోడకున్న మేకుకి గుచ్చేస్తాను. సాయంత్రం బట్టలెన్నో చీటీలన్ని ఉండాలి.

"పుస్తకం పక్కన పెడదాం అత్తయ్యా. మీ చీటీల మీదే తెలుగు కింద ఇంగ్లీషు రాయండి. దాంతో పాటు ఒక వాక్యం. అది నిజం వాక్యం అయ్యుండాలి. అబద్ధం వాక్యాలు గుర్తుండవు" అంది.

అలా మొదలుపెట్టాక నా కళ్ళు తెరుచుకున్నాయి. నడుము బిగించడం టేక్ ఇన్. కింది అంచు పైకి మడిచి కుట్టడం టేక్ అప్. కుట్లు విప్పి ముక్కలు విడదీయడం టేక్ అపార్ట్. కొలతలు రాసుకోవడం టేక్ డౌన్. ఇవన్నీ ముప్పై ఏళ్ళుగా నా చేతులు చేస్తున్నవే! వాటి పేర్లు తెలియక నాకు ఇంగ్లీషు రాదనుకుంటున్నాను, అంతే. ఆ పూట మిషను తొక్కుతూ గట్టిగా పాడుకున్నాను. పక్క దుకాణం వాచీల మెకానిక్ వచ్చి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు.

పది రోజుల్లో ఇల్లంతా చీటీలే. మా అబ్బాయి చొక్కాకి వీపు మీద చిరుగు కుట్టి, 'ఇతను వాళ్ళ నాన్నని టేక్స్ ఆఫ్టర్, తడి తువ్వాలు మంచం మీదే పడేస్తాడు' అని గుచ్చాను. వాడు అలాగే తొడుక్కుని ఆఫీసుకి వెళ్ళిపోయాడు.

"అమ్మా, మధ్యాహ్నం దాకా నా వీపు మీద అందరూ చదువుకున్నారు" అని సాయంత్రం మొర పెట్టుకున్నాడు.

"చదివినవాళ్ళలో తప్పులు పట్టినవాళ్ళున్నారా?"

"లేరు."

"అయితే సరే" అన్నాను.

గురువారం నాడు శిక్షణ కేంద్రం పెద్దసారు మా దుకాణానికి వచ్చారు. చేతిలో ముదురు నీలం కోటు. చేతిపని పరీక్ష పెట్టింది వేరేవాళ్ళు, అందుకని ఆయనకి నా మొహం తెలియదు. నాకు మాత్రం ఆయనెవరో బాగా తెలుసు.

"మూడు నెలలుగా రోజూ నడుస్తున్నానమ్మా. నడుము రెండంగుళాలు బిగించండి. మంగళవారం ఇంటర్వ్యూలున్నాయి, దర్జాగా కనపడాలి" అన్నారు.

టేపు వేసి చూశాను. ఆ నడకంతా కాళ్ళకే పట్టింది గానీ పొట్ట ఎక్కడిదక్కడే ఉంది. రెండంగుళాలు బిగిస్తే బొత్తాం ఎగిరొచ్చి ఎదుటివాళ్ళ కంట్లో పడడం ఖాయం. మర్యాదగా చెప్పి చూశాను. ఆయన వినలేదు. మంగళవారం మీ ఎదుట కూర్చోబోయేది నేనే అని కూడా చెప్పలేదు. చెబితే కోటు చూపించి ఉద్యోగం అడిగినట్టుంటుంది, నాకది గిట్టదు.

ముందువైపు ముట్టుకోకుండా, వెనక నడుము దగ్గర లైనింగు విప్పి, లోపలి కుట్టులో అర అంగుళం మాత్రం బిగించాను. పక్కనుంచి చూస్తే మనిషి సన్నంగా కనిపిస్తాడు, ఊపిరీ ఆడుతుంది. చీటీ మీద మాత్రం నిజం వాక్యం రాశాను: 'పెద్దసారు కోటుని టేక్ ఇన్ చేయమంటారు. ఆయన పొట్ట మాత్రం ఎవరి ఆర్డర్లూ టేక్ చేయదు.' కోడలు దిద్దింది, ఒక్క తప్పూ లేదు. సోమవారం సాయంత్రం మా అబ్బాయి వెళ్ళి కోటు ఇచ్చొచ్చాడు.

మంగళవారం పొద్దున్నే లేచి, మనసు కుదురుగా ఉంటుందని, ముందురోజు ఇంటర్వ్యూ కంగారులో లెక్కచూడడం మరిచిన మేకు చీటీలు లెక్కపెట్టాను. బట్టలు పదిహేడు, చీటీలు పదహారు. మళ్ళీ లెక్కపెట్టాను. పదహారే. నీలం కోటు చీటీ లేదు. లైనింగు తిరిగి మూసేసేటప్పుడు అది లోపలే ఉండిపోయింది. లైనింగుకీ గుడ్డకీ మధ్య, గుండుసూదితో సహా!

కేక వేస్తే కోడలు పరిగెత్తుకొచ్చింది. విషయం చెప్పాను. ఆ పిల్ల పెదాలు బిగబట్టింది. బుగ్గలు ఉబ్బాయి. ఇక ఆపుకోలేక ఒక్కసారిగా పగలబడి నవ్వింది. నిలబడలేక బల్ల కాలు పట్టుకుని కింద కూర్చుని మరీ నవ్వింది.

"నా ప్రాణం పోతుంటే నీకు నవ్వులాటగా ఉందా?" అని అరిచాను.

"కాదు అత్తయ్యా... ఆయన... ఆ పొట్ట..." అంది, మళ్ళీ మొదలు.

ఎనిమిది నెలల్లో ఆ పిల్ల పళ్ళన్నీ చూడడం నాకదే మొదటిసారి. కోప్పడదామని నోరు తెరిస్తే నాకూ నవ్వే వచ్చింది. ఇద్దరం కళ్ళు తుడుచుకుని ఇంటర్వ్యూకి బయల్దేరాం.

దారిలో నవ్వంతా ఆవిరైపోయింది. చీటీ సంగతి అలా ఉంచండి. గిరాకీ బట్టలో గుండుసూది వదిలేసిన టైలరుకి తలెత్తుకునే మొహం ఉండదు. ముప్పై ఒక్క ఏళ్ళలో నా చేత అలాంటి పని జరగలేదు.

కోడలు గది బయట బెంచీ మీద కూర్చుంది. లోపల బల్లకి అవతల ముగ్గురు. నడుమ పెద్దసారు, అదే కోటులో. ఆయనకి కుడిపక్క కళ్ళజోడు మేడమ్, ఎడమపక్క తల ఎత్తకుండా రాసుకునే ఒకాయన. పెద్దసారు నన్ను చూసి "అరె, మీరా!" అన్నారు. అక్కణ్ణుంచి అంతా ఇంగ్లీషే. మీ కోసం తెలుగులో చెబుతున్నాను.

"మీ గురించి చెప్పండి" అంది మేడమ్.

ఇది కోడలు నాచేత నలభైసార్లు చెప్పించిన జవాబు. నోరు తెరిచాను. పెద్దసారు కొంచెం కదిలారు. కోటు లోపలినుంచి కాగితం గరగరమంది. నా బుర్రలో ఉన్న ఇంగ్లీషంతా ఒక్క క్షణంలో తుడిచిపెట్టుకుపోయింది.

"యెస్" అన్నాను.

మేడమ్ ఇంకొకటి అడిగింది. గరగర. "నో" అన్నాను. ఆవిడ జాలిగా చూసి ఏదో రాసుకుంది. గోడ గడియారంలో ఎనిమిది నిమిషాలు గడిచిపోయాయి. ఉద్యోగం కళ్ళెదుటే జారిపోతోంది.

అప్పుడు పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలారు. "అబ్బా!" అని ముందుకి గెంతారు. నడుము రుద్దుకున్నారు. ఏమీ లేదన్నట్టు నవ్వి, మళ్ళీ వాలబోయారు.

"ఆగండి!" అని లేచి నిలబడ్డాను. "డోంట్ లీన్! టేక్ ఆఫ్ యువర్ కోట్! నౌ!"

పెద్దసారు కిమ్మనకుండా కోటు విప్పి ఇచ్చారు. నా మీద నాకు వచ్చిన కోపం ముందు ఆ ముగ్గురూ నాకు ఆనలేదు. కోటు బల్ల మీద బోర్లా పరిచాను. సంచీలోంచి కుట్లు విప్పే పనిముట్టు తీశాను. నోరు దానంతటదే నడిచింది. "ఇప్పుడు ఈ కుట్టు టేక్ అపార్ట్ చేస్తాను. ఎక్కువ కాదు, నాలుగు వేళ్ళు పట్టేంత. గుడ్డని లాగకూడదు, దారాన్నే లాగాలి. చూడండి, దగ్గరికి రండి, అక్కణ్ణుంచి ఏం కనిపిస్తుంది?"

ముగ్గురూ లేచి దగ్గరికి వచ్చారు. గుండుసూది తీసి బల్ల మీద పెట్టాను. "ఈ తప్పు నాది. క్షమించండి" అన్నాను. ఆ తర్వాత చీటీ వచ్చింది. దాన్ని గుప్పిట్లో నలిపేయొచ్చు. పెద్దసారు చెయ్యి చాపారు.

"రాసింది నేను, నేనే చదువుతాను" అని గట్టిగా చదివాను. చివరి మాటదాకా చదివాను.

ముందుగా నవ్వింది తలెత్తకుండా రాసుకునే ఆయన. తర్వాత మేడమ్. పెద్దసారు తల వంచి తన పొట్టని కాసేపు చూసుకున్నారు. "నిజమే, నా మాట కూడా వినదు" అని ఆయనా నవ్వేశారు. వెంటనే అనుమానం వచ్చింది. "మరి రెండంగుళాలు బిగించారా లేదా?"

"లేదు. ఎందుకో మీరే చెప్పండి" అని సుద్దముక్కతో లైనింగు మీద గీతలు గీశాను. "ఇక్కడ బిగిస్తే ఏమవుతుంది? ఇక్కడ వెనకాల బిగిస్తే ఏమవుతుంది? ఆలోచించి చెప్పండి."

కళ్ళజోడు మేడమ్ చెయ్యెత్తింది. ఒట్టు, బళ్ళో పిల్లలా చెయ్యెత్తింది! "ముందు బిగిస్తే బొత్తాం మీద బరువు పడుతుంది. వెనక బిగిస్తే బరువు వీపంతా పంచుకుంటుంది" అంది.

"మంచి జవాబు. ఇంకొంచెం గట్టిగా చెప్పాలి, వెనకవాళ్ళకి వినపడదు" అన్నాను. అన్నాక, నేనెక్కడున్నానో గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను. గడియారం చూస్తే ముప్పై ఐదు నిమిషాలు దాటింది. ఇంత సంతోషంగా నేను ఎప్పుడు మాట్లాడానో నాకే గుర్తులేదు.

అందరం కూర్చున్నాక మేడమ్ ఆఖరి ప్రశ్న అడిగింది. "ఈ చీటీల మీద నేర్చుకునే పద్ధతి ఎవరు చెప్పారు?"

"మా కోడలు."

"మంచి టీచరన్నమాట."

"అవును" అన్నాను. అక్కడితో ఆపేస్తే సరిపోయేది. కానీ పుస్తకంలో టేక్‌కి ఉన్న ఆ రెండు పేజీల్లో నేను చీటీ రాయనిది ఒకటి మిగిలిపోయింది. టేక్ టు. ఒక మనిషి మీద ఇష్టం కలగడం. దానికి నా దగ్గర నిజం వాక్యం దొరకలేదు. ఇప్పుడు దొరికింది. "ఐ డిడ్ నాట్ టేక్ టు హర్. ఎనిమిది నెలలు" అన్నాను.

"ఎందుకు?"

"ఆ పిల్ల నాతో ఒక్కసారి కూడా పోట్లాడలేదు మేడమ్. నేనేమన్నా సరే అంటుంది. మా ఇంట్లో పోట్లాడనివాళ్ళు చుట్టాలే, ఇవాళో రేపో వెళ్ళిపోతారనిపిస్తుంది. ఇవాళ పొద్దున్న నా తప్పు చూసి, నా ఎదుటే కింద కూర్చుని నవ్వింది. దిస్ మార్నింగ్ ఐ టుక్ టు హర్."

బయట కూర్చోమన్నారు. తలుపు తీస్తే కోడలు బెంచీ మీద లేదు, గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. కళ్ళు తడిగా ఉన్నాయి. అంతా వినేసిందని తెలిసిపోయింది. నేను గోడమీది నోటీసు చదువుతున్నట్టు నటించాను.

"అత్తయ్యా, మీరు లోపల అబద్ధం చెప్పారు" అంది.

"ఏంటీ?"

"ఇవాళ పొద్దున్నట! నాకు దగ్గు పట్టుకున్నప్పుడు నా స్వెట్టరుకి లోపల మెత్తటి గుడ్డ వేసి కుట్టి, ఏం తెలియనట్టు హ్యాంగరుకి తగిలించింది ఎవరు? ఇష్టం లేనివాళ్ళకి అంత పని చేస్తారా?"

"అది మిగిలిన గుడ్డ!"

"మిగిలింది కాదు, కొత్త తానులోంచి కోశారు. చూశాను."

"నా తానులన్నీ కెలికావా? ఎవర్నడిగి?"

"ఎవర్నడగాలి? నేనూ ఆ ఇంట్లో మనిషినే! ఇంకోటి చెప్పనా? మధ్యాహ్నం నేను కాసేపు నడుం వాల్చగానే మీరు ఆ పాత మిషను మొదలుపెడతారు. గోడలదిరిపోతాయి. ఎనిమిది నెలలుగా నాకు నిద్ర లేదు!"

"మరి చెప్పి ఏడవ్వేం?"

"చెబితే మీకు కోపం!"

"వస్తే రానీ! కోపమొస్తే నిన్ను మింగేస్తానా?"

"మీ గొంతు వింటే మింగేలాగే ఉంది!" అంది కోడలు, నడుం మీద చేతులు పెట్టుకుని. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, మొహం వెలిగిపోతోంది. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు గానీ నా గొంతు మాత్రం వరండా చివరిదాకా వినపడుతోందని తెలుస్తోంది. తగ్గించబుద్ధి కాలేదు.

ఆఫీసులో పనిచేసే ఆవిడ ఫైలు పట్టుకుని బయటికొచ్చి, సోమవారం నుంచి టైలరింగ్ క్లాసులు మీవే, తొమ్మిదింటికల్లా రావాలి అని చెప్పిందట. మా ఇద్దరికీ వినపడలేదు. ఆవిడ రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది.